సగటు ఒప్పుకోదు

మునీంద్రప్ప దేశం తిన్నంతే తినేవాడు. దేశంలోని జనమంతా ఒక రోజులో తినేదాన్ని ఒకచోట కుప్పపోసి తలా ఇంత అని పంచితే ఒక మనిషి వంతుకు ఏది ఎంత వస్తుందో, ఆయన కంచంలో అదే ఉండేది. ధాన్యం ఇంత, పప్పు ఇంత, ఆకుకూర ఇంత, పాలు ఇన్ని, అరటిపండులో మూడో వంతు, కోడిగుడ్డులో పావు. పావు గుడ్డు తినే మనిషిని ఫర్హానా అంతకుముందు ఎక్కడా చూడలేదు.

ఆయన ఇల్లు మహదేవపురలో, అద్దాల ఆఫీసుల నీడ సాయంత్రం నాలుగింటికే వచ్చి పడే పాత ఊరి వీధిలో ఉంది. కింద ఆయనా, భార్య పుష్పావతీ. పైన ఒంటిగది. ఫర్హానా ఆ గది చూడ్డానికి వచ్చిన రోజు ఆయన భోజనానికి కూర్చుని ఉన్నాడు. పీట పక్కన కరెంటు తూకం యంత్రం, దాని మీద కంచం, కంచం మీదికి వంగి ఆయన. చెంచాతో పప్పు తీస్తున్నాడు, మళ్ళీ వేస్తున్నాడు, అంకె చూస్తున్నాడు.

"డైటింగా అంకుల్?" అని అడిగింది ఫర్హానా, ఏదో ఒకటి మాట్లాడాలి గదా అని.

"డైటింగు కాదమ్మా. సగటు."

"అంటే?"

"దేశం సగటు. ముప్పై రెండేండ్లు ఇంటింటికీ పోయి జనం తినేది తూకమేసి రాస్తిని. రాసిందాన్ని నేనే తినకుంటే ఎట్ల?"

వంటింట్లోంచి పుష్పావతి అందుకుంది. "ఈయప్పకి ఏ కూర ఇష్టమో నాకు ఇప్పటికీ తెలీదమ్మా. అడిగితే దేశానికి ఏది ఇష్టమో చెప్తాడు."

ఫర్హానాకు నవ్వొచ్చింది. గది కూడా నచ్చింది. చిలకలూరిపేట నుంచి వచ్చి ఐదేళ్ళుగా హాస్టళ్ళలో పడి ఉన్న పిల్ల, సొంతంగా ఒక పొయ్యి ఉంటే చాలనుకుంది.

మునీంద్రప్ప సర్వే ఆఫీసులో తూకం మనిషిగా చేసి రిటైరయ్యాడు. పోయేటప్పుడు తోటివాళ్ళు ఆ యంత్రాన్ని బహుమానంగా ఇచ్చారు. మరొకడైతే దాన్ని అటక మీద పెట్టి మర్చిపోయేవాడు. ఈయన మరునాటి పొద్దున్నే దాన్ని పీట పక్కకు తెచ్చుకున్నాడు. గోడకు తన చేత్తో రాసుకున్న పట్టిక ఒకటి తగిలించుకున్నాడు. అందులోని అంకెలు ఎంతవరకు నిజమో ఆయనకే తెలియాలి. ఎవరైనా ఇంకొంచెం వేసుకోండి అంటే మాత్రం ఒకే జవాబు. "సగటు ఒప్పుకోదు."

అత్తిబెలెలో పుష్పావతి చెల్లెలు కొత్త ఇల్లు కట్టుకుని గృహప్రవేశం చేసింది. మునీంద్రప్ప బంతిలో కూర్చుని గుడ్డసంచిలోంచి యంత్రం తీసి విస్తరి పక్కన పెట్టాడు. వడ్డించేవాడు తూకం చూడగానే వంటవాడికి చెప్పాడు. వంటవాడు ఎవరో తనిఖీ ఆఫీసరు వచ్చాడనుకుని నూనె డబ్బాలన్నీ దొడ్లోకి మోయించాడు. బొబ్బట్టులాంటి ఓళిగ వడ్డించబోతే ఈయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దప్పా. నా సగటులో చక్కెర పొద్దున కాఫీతోనే అయిపాయ."

"ఒకటే స్వామీ, శుభకార్యం గదా."

"ఒకటే అయినా ఎవురో ఒకరి వంతులోంచి రావాల గదప్పా."

పక్కన కూర్చున్న బంధువు మూడో ఓళిగ తింటున్నాడు. ఆ మాట విని దాన్ని విస్తట్లో పెట్టేశాడు. అతని పక్కవాడు కూడా ఆగాడు. ఆ చివర నుంచి ఈ చివర దాకా చేతులు ఆగిపోయాయి. పుష్పావతి తిరుగుబస్సులో మొగుడి పక్కన కూర్చోలేదు, వారం రోజులు మాట్లాడనూ లేదు. అన్నం మాత్రం తూకానికి సరిగ్గా పెట్టింది.

ఈ కథలన్నీ ఫర్హానా మెట్ల మీద కూర్చుని పుష్పావతి నోట విని కడుపు పట్టుకుని నవ్వేది. అదంతా మార్చి దాకా.

మార్చిలో ఒక మంగళవారం ఆఫీసు వాళ్ళు నలభై మందిని ఒకేసారి వీడియో కాల్లోకి పిలిచి, ఆరు నిమిషాల్లో వాళ్ళ ఉద్యోగాలు ముగించారు. ఆరో నిమిషం తర్వాత ఫర్హానా కార్డు గేటు దగ్గర పనిచెయ్యలేదు. ఊళ్ళో నాన్నకు అప్పుడే గుండె ఆపరేషన్ అయింది. ఈ సంగతి చెబితే ఆయన గుండె ఏమవుతుందోనని చెప్పలేదు. రోజూ తొమ్మిదింటికి బ్యాగు తగిలించుకుని బయలుదేరేది. ఇంటర్వ్యూ ఉంటే ఇంటర్వ్యూకి, లేకపోతే చెరువు గట్టున పార్కులో బెంచీ మీదికి. చేతిలో మిగిలింది నాన్న మందులకు, గదికి సరిపోయేది. తిండి ఒక్కటే ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేని ఖర్చు. కాబట్టి దాన్నే కోసుకుంటూ వచ్చింది. ముందు రాత్రి భోజనం పోయింది, తర్వాత మధ్యాహ్నం. మే నెలకు పొద్దున ఒక టీ, ఒక బన్ను మిగిలాయి.

అమ్మ ఫోన్ చేసేది. "తిన్నావా తల్లీ?"

"తిన్నానమ్మా. ఇవాళ ఆఫీసులో పనీర్ కూర, పుల్కాలు, పెరుగన్నం."

మంచి కూరలు తలుచుకుని చెప్పేది. చెబుతుంటే నోట్లో నీళ్ళు ఊరేవి. ఫోన్ పెట్టేశాక ఆ నీళ్ళే మింగేది.

దువ్వెనకు జుట్టు కుచ్చులు కుచ్చులుగా వచ్చేది. ఇంటర్వ్యూలో ఎదుటివాడి ప్రశ్న సగం వినిపించేది, సగం ఎక్కడికో పోయేది. మే చివర్లో ఒక పొద్దున మెట్లు దిగుతుంటే కళ్ళు చీకట్లు కమ్మాయి. గోడ పట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది. కింద మొక్కలకు నీళ్ళు పోస్తున్న మునీంద్రప్ప చెంబు పక్కన పెట్టి వచ్చాడు. ఆరోగ్యం ఎలా ఉందని అడగలేదు.

"నిన్న ఏమి తింటివమ్మా?" అన్నాడు.

"చికెన్ బిర్యానీ అంకుల్. రైతా. గులాబ్ జామ్. ఫ్రూట్ సలాడ్ కూడా."

"ఓ," అన్నాడాయన. చెంబు తీసుకుని మళ్ళీ మొక్కల దగ్గరికి వెళ్ళిపోయాడు.

మరునాడు ఎనిమిదింటికి తలుపు చప్పుడైంది. స్టీలు గిన్నెతో మునీంద్రప్ప. గిన్నెలో ఉడకబెట్టిన గుడ్డు, అందులో ఒక పావు కత్తితో కోసి తీసేసి ఉంది.

"ముక్కాలు గుడ్డు మిగిలిందమ్మా. నేను తినేకి లేదు. సగటు ఒప్పుకోదు."

"ఫ్రిజ్‌లో పెట్టుకోండి అంకుల్. రేపు తినొచ్చు."

"రేపటి పావు రేపటిది. ఇది పారేస్తే లెక్క తప్పుతాది, నేను తింటే లెక్క తప్పుతాది. నువ్వు తింటే ఎవురికీ ఏమీ కాదు."

"ఆంటీ ఉన్నారుగా?"

"ఆమెది ఆమెకుండాది. ఆమె గూడా సగటే."

"నేనేం సగటు కాదు," అని కింద నుంచి వినిపించింది.

ఫర్హానా తిన్నది. పెద్దాయన పిచ్చి, తీసుకోకపోతే గుమ్మంలోనే నిలబడి ఉంటాడు. తలుపు వేసి, నిలబడే, మూడు ముద్దల్లో తినేసింది. ఆ తర్వాత గిన్నె అడుగున అంటుకున్న పచ్చసొన పొడి వేలితో తీసుకుని నాకింది. ఎవరూ చూడలేదు గదా అని ఒకసారి కిటికీ వైపు చూసింది.

ఆ రోజు నుంచి దేశం లెక్క రోజూ ఎక్కడో ఒకచోట తప్పడం మొదలైంది. అరటిపండులో మూడింట రెండు వంతులు వచ్చేవి. ఒక అంచు తెగిన రాగిముద్ద వచ్చేది, పక్కన చారులాంటి అనపగింజల సారు. లోటాలో ముప్పావు పాలు వచ్చేవి. ఆదివారం కోడికూర వచ్చేది. అంగడివాడు అరకిలోకి తక్కువ కొట్టడనీ, సగటు మాత్రం నాలుగు ముక్కలకే సరి అనీ ఆయన వాదన.

"పక్కసందులో అంగడి పెట్టుకొని మసీదు దగ్గర అంగడి దాకా నడిచిపోతాడు ఈయప్ప. మోకాళ్ళ నొప్పని రాత్రంతా మూలుగుతాడు," అంది పుష్పావతి.

"ఎందుకంకుల్ అంత దూరం?"

"అక్కడి కోడే సగటు బరువు," అన్నాడు.

ఫర్హానా నవ్వి ఊరుకుంది. ఆకలితో ఉన్న మనిషికి అంతకన్నా ఆలోచన సాగదు.

శ్రావణం వచ్చింది. శ్రావణంలో దేశం నీచు తగ్గిస్తుంది కాబట్టి తన పావు గుడ్డు కూడా తగ్గాలని చెప్పి గుడ్డు మొత్తం పైకి తెచ్చాడు. ఇంకోరోజు ఉత్తరాదిలో గోధుమలు బాగా పండాయని చెప్పి తన అన్నం సగం తెచ్చాడు. ఫర్హానాకు ఆయన మీద జాలి పుట్టింది. పాపం, ముదిరిపోతోంది అనుకుంది. స్నేహితురాలు రాధికకు ఫోన్‌లో గొప్పగా కూడా చెప్పుకుంది. "మా ఓనర్ అంకుల్ కోసం నేను రోజూ తింటున్నానే. తినకపోతే ఆయన దేశం పాడైపోతుందంట."

జుట్టు రాలడం తగ్గింది. ఇంటర్వ్యూలో ప్రశ్న చివరిదాకా వినిపించసాగింది. సెప్టెంబరులో హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక చిన్న కంపెనీ వాళ్ళు రమ్మన్నారు.

ఆ సాయంత్రం లడ్డూలు తీసుకుని కిందికి వెళ్ళింది. మునీంద్రప్ప ఒక లడ్డూ తూకం మీద పెట్టి, అంకె చూసి, కత్తి కోసం చెయ్యి చాపాడు.

"అంకుల్, మీకొకటి చెప్పాలి. నాకు ఆరు నెలలుగా ఉద్యోగం లేదు. అబద్ధం చెప్పాను."

"తెలుసునమ్మా," అన్నాడు లడ్డూ కోస్తూ.

ఫర్హానా ముందుకు వంగింది. "ఎలా తెలుసు?"

"ఆరోజు మెట్ల మీద అడిగితినే, నిన్న ఏమి తింటివని. బిర్యానీ, రైతా, గులాబ్ జామ్, పండ్లు అని వరసగా చెప్తివి. ముప్పై రెండేండ్లు ఈ ఒగ మాటే అడిగినాను నేను. కడుపు నిండా తిన్నోళ్ళకి నిన్న ఏమి తిన్నారో గుర్తుండదు. తల గోక్కుంటారు, పెండ్లాన్ని అడుగుతారు. తిననోళ్ళే తడుముకోకుండా చెప్తారు."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. ఫర్హానా తల వంచుకుంది. సిగ్గుతో చెవులు కాలుతున్నాయి.

"మరి అప్పుడే అడగొచ్చుగా అంకుల్? ఊరికే పెట్టొచ్చుగా?"

మునీంద్రప్ప కత్తి కింద పెట్టాడు. "గౌరమ్మని ఒగామె ఉండె," అన్నాడు. ఎప్పుడూ అంకెలే చెప్పే మనిషి అంతసేపు మాట్లాడగా ఫర్హానా వినడం అదే మొదలు.

"మూడేండ్లు వాన లేని పల్లె అది. మేము ముందురోజే పోయి చెప్పొస్తాము. రేపు పొయ్యి ముట్టించేకి ముందే వస్తాము, వండేవన్నీ పచ్చివి తూకమెయ్యాల అని. నేను పోయేతలికి ఆయమ్మ చాటలో సన్నబియ్యం, కందిపప్పు, రెండు గుడ్లు పెట్టుకొని కూచోనుండాది. నలుగురు పిల్లోళ్ళు చుట్టూ నిలబడి గుడ్లనే చూస్తాండారు. తూకమేసి రాసుకొని వచ్చేస్తి. దోవలో చూస్తే కొలత కప్పు లేదు. వెనక్కి పోతి. ఆయమ్మ ఆ చాట ఎత్తుకొని పక్కింట్లోకి పోతాండాది. తిరిగిచ్చేకి. ఆఫీసరు వస్తాడు, పరువు పోతాదని అడిగి తెచ్చి పెట్టిండాది. పిల్లోళ్ళకి ఆ దినం రాగిపిండి వాసన తగిలిన నీళ్ళు."

"మీరేం చేశారు?"

"ఏం చేస్తాను. నన్ను చూసింది. నేను చూడనట్ల తలకాయ వంచుకొని కప్పు తీసుకుంటి. రాసింది కొట్టేస్తే నేను చూసినానని ఆయమ్మకి తెలిసిపోతాది. నా సంచిలో రెండు బన్నులుండె. సర్వే ఇంట్లో తినేది ఏదీ ఇయ్యకూడదని రూలు, ఇస్తే లెక్క చెడిపోతాదంట. లెక్క చెడిపోకుండా వచ్చేస్తి. మూడు నెలలకి మళ్ళా పోతే పిల్లోళ్ళు ముగ్గురే ఉండిరి. ఫారంలో ఒగ పేరు కొట్టేస్తి."

బయట వీధిలో ఆఫీసుల బస్సులు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి.

"ఆ రెండు గుడ్లూ దేశం సగటులో కలిసిపాయ. ఎవురూ తినని గుడ్లు. పెడతానంటే తినరమ్మా జనం, దాచుకుంటారు. నువ్వు గూడా తినేదానివి కాదు. అందుకే నాకు తినిపెట్టమని అడిగేది," అని లడ్డూలో పావు తీసుకుని మిగతాది ఆమె వైపు జరిపాడు.

"అంకుల్, నాకిప్పుడు ఉద్యోగం వచ్చింది."

"నీకొచ్చింది. సగటుకి రాలేదు."

ఫర్హానా ఏడవబోయి నవ్వింది. మసీదు దగ్గరి అంగడి సంగతి, తను తినే హలాల్ కోడి కోసమే ఆ నడక అని, ఆమెకు అప్పుడు తట్టింది. ఆయన మోకాళ్ళ వైపు చూసి, ముప్పావు లడ్డూ తిన్నది.

అక్టోబరులో ఒకరోజు ఆమె ఇంటి నుంచే పనిచేస్తుంటే కింద దబ్బున చప్పుడైంది. మునీంద్రప్ప తూకం పక్కన పడి ఉన్నాడు. పుష్పావతి ముఖం మీద నీళ్ళు చల్లుతోంది. ఇద్దరూ కలిసి ఆటోలో వేసుకుని దగ్గర్లోని క్లినిక్‌కి తీసుకుపోయారు. ఆ చొక్కా కింద మనిషి ఎంత తేలిగ్గా ఉన్నాడో చెయ్యి వేసి ఎత్తినప్పుడే ఫర్హానాకు తెలిసింది. దేశం ఇంత తక్కువ బరువుండదనిపించింది, భయం వేసింది.

డాక్టరు కాత్యాయని కనురెప్ప కిందికి లాగి చూసింది, రక్తం పరీక్ష కాగితం చూసింది.

"నిన్న ఏం తిన్నారండీ?"

మునీంద్రప్ప లేచి కూర్చున్నాడు. "పొద్దున మూడు ఇడ్లీ, ఒగ గుడ్డు, లోటాడు పాలు. మధ్యాన్నం ముద్ద, అనపగింజల సారు, అన్నం, మజ్జిగ, అరటిపండు. సాయంత్రం చిత్రాన్నం. రాత్రికి రెండు చపాతి, కోడికూర."

ఎక్కడా ఆగలేదు, తల గోక్కోలేదు, పెళ్ళాన్ని అడగలేదు. డాక్టరు అంతా రాసుకుంది. ఫర్హానా ఆ కాగితం మీద చెయ్యి పెట్టింది.

"అది కొట్టేయండి మేడమ్," అంది.

"ఎందుకు?"

"తిన్న మనిషికి గుర్తుండదు మేడమ్. ఈయనకు వరసగా గుర్తుంది."

మునీంద్రప్ప ఆమె వైపు చూసి కళ్ళు దించుకున్నాడు. అన్నేళ్ళుగా తను ఇతరుల ముఖాల్లో చూసిన సిగ్గు ఇప్పుడు ఆయన ముఖంలోకి వచ్చింది.

పుష్పావతి అప్పుడు నోరు విప్పింది. ఎదురు అపార్ట్‌మెంట్ గేటు దగ్గర కాపలా ఉండే లింగన్న భార్యకు క్షయ. గుడ్లు, పాలు బాగా పెట్టమన్నారు. లింగన్న పెడుతున్నానని చెబుతాడట, ఏమేం పెడుతున్నాడో వరసగా చెబుతాడట. "నేను వడ్డించి వంటింట్లోకి పోతానమ్మా. నేను వచ్చేలోపల కంచంలోది డబ్బాలోకి, డబ్బా లింగన్న ఇంటికి పోతాది. ఇంకొంచెం వండుతానంటే వద్దంటాడు. సగటు ఒప్పుకోదంట."

"రక్తం ఉండాల్సినదానిలో సగమే ఉంది," అంది డాక్టరు.

"దేశం సగటు ఎంత మేడమ్?" అని అడిగాడు మునీంద్రప్ప.

"దేశం సంగతి నాకు తెలీదండీ. మీది చాలదు."

మూడో రోజు పొద్దున ఫర్హానా కిందికి వచ్చి, ఎవరినీ అడక్కుండా తూకం యంత్రాన్ని తీసుకుపోయి తన గదిలో మంచం కింద పెట్టింది. లింగన్న దగ్గరికి రెండు గుడ్లు, పాలు తనే పట్టుకుపోయింది. డాక్టరు తనను గుడ్డు తినొద్దందని, ఇంట్లో డజను పాడైపోతున్నాయని అబద్ధం చెప్పింది. లింగన్న ఆమెను జాలిగా చూసి తీసుకున్నాడు. అక్కడి నుంచి తిరిగొచ్చి, స్టీలు గిన్నెలో ఇంకో గుడ్డు పెట్టుకుని మునీంద్రప్ప ముందు కూర్చుంది.

"ఒక గుడ్డు ఎక్కువొచ్చింది అంకుల్. నేను తినడానికి లేదు. సగటు ఒప్పుకోదు."

"ఏ సగటు?"

"ఈ ఇంటి సగటు. ముగ్గురికి మూడు గుడ్లు. ఆంటీ తినేశారు, నేను తినేశాను."

ఆయన పీట పక్కకు చెయ్యి చాపాడు. యంత్రం లేదు. గిన్నె వైపు అనుమానంగా చూశాడు, ఆమె వైపు ఇంకా అనుమానంగా చూశాడు. ముప్పై రెండేళ్ళ ప్రశ్న దానంతట అదే నోట్లోంచి వచ్చింది.

"నిన్న ఏమి తింటివి నువ్వు?"

ఫర్హానా చెప్పబోయి ఆగింది. పొద్దున ఏదో తిన్నది. ఆఫీసులో పక్కసీటు అమ్మాయి డబ్బాలోంచి ఒక కూర, తన డబ్బాలోంచి ఒక కూర. బీరకాయా, సొరకాయా? సాయంత్రం మీటింగులో ఎవరో ఏదో తెప్పించారు. చెవి వెనక గోక్కుంది.

"గుర్తు రావట్లేదు అంకుల్," అంది.

మునీంద్రప్ప ఆమెను చాలాసేపు చూశాడు. తర్వాత గుడ్డు మొత్తం చేతిలోకి తీసుకున్నాడు.

"కొంచెం ఉప్పు తేవే," అన్నాడు వంటింటి వైపు తిరిగి.

"ఎన్ని గ్రాములు?" అని అడిగింది పుష్పావతి.